నాలుగు నెలల నేల

మా కైరుప్పల ప్రాంతంలో పంటకాలాన్ని నిర్ణయించేది వాన. అదనుకు చినుకు పడితే విత్తనం నేలలోకి పోతుంది. వాన ముఖం చాటేస్తే ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల కుటుంబాలు సుగ్గికని, మిరప కోతలకని గుంటూరు వైపు తరలిపోతాయి. వారి వెంట మా మదరసా పిల్లలు కొందరు కూడా వెళ్లిపోతారు. కనుక అదను తప్పితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే వానకు బదులు చలి అదనును శాసించే దేశంలో కూరగాయలు ఎలా పండుతాయో మాకు తెలిపినవాడు మా మేనల్లుడు.

అతడు భార్యాబిడ్డలతో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఉంటున్నాడు. శీతాకాలంలో అక్కడ సున్నాకు 30 డిగ్రీల దిగువకు జారే రాత్రులు ఉంటాయి. మొక్కను గడ్డకట్టించే చలి లేని రోజులు మే నెలాఖరు నుండి సెప్టెంబరు మూడవ వారం వరకే, అంటే సుమారు 120. మొదటి సంవత్సరం అతడు మంచు కరగడమే అదననుకొని ఏప్రిల్ చివరలో టమాటా, మిరప నారు నాటాడు. ఒక్క రాత్రి చలికి మడి అంతా నల్లబడిపోయింది. "ఈ నేల మనల్ని ఒప్పుకోదు, వెళ్లిపోదాం" అని అతని భార్య ఏడ్చినదట. ఆ మాట విని ఇక్కడ మా చెల్లెలికి నిద్ర కరువైంది.

దారి చూపినవాడు పొరుగింటి వృద్ధుడు. ఆయన చెప్పిన ప్రకారం మరుసటి ఏడు మార్చిలోనే ఇంటిలోపల, కిటికీ వద్ద చిన్న గిన్నెలలో మిరప గింజలు మొలకెత్తించారు. కొన్ని వారాలకు టమాటా, ఆ తరువాత గోంగూర. మే నెలలో నారును పగలు కొంతసేపు ఆరుబయట ఉంచి, రోజురోజుకూ ఆ సమయం పెంచుతూ వారం పది రోజులు గాలికి, ఎండకు అలవాటు చేశారు. చలికి ఓర్చే మెంతి, పాలకూర, ముల్లంగి మాత్రం ముందే నేలలో చల్లారు. ఎత్తు మడి త్వరగా వెచ్చబడుతుంది కనుక మట్టిని ఎత్తుగా పోశారు. మన దగ్గర రోహిణి ఎండకు రోళ్లు పగిలే రోజులలో అక్కడ నారు నేలకు చేరింది. చలి తిరగబెట్టిన రాత్రి పాత దుప్పట్లు కప్పారు.

జూన్‌లో అక్కడి పగలు 16 గంటలకు పైబడి ఉంటుంది. అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ వరకు దొరికే ఆ దీర్ఘ సమయం పిల్లలతో సహా మడిలోనే గడుస్తుంది. ఆకు విరగకాస్తుంది గానీ, పగలు తగ్గితే తప్ప గోంగూర పూయదు. పూచి కాయ ముదిరేలోగా చలి వచ్చేస్తుంది. అందుచేత విత్తనం ఏటా కొనవలసిందే. అయినా ఆ ఆకు పచ్చడిని తమ చేతి పంటగా పొరుగింటికి పంపిన దినాన ఆ కోడలు ఫోనులో నవ్వింది. వెళ్లిపోదామనే మాట మళ్లీ రాలేదు.

ఈ పద్ధతి మాకూ పనికివచ్చింది. మదరసాలో వుజూ నీరు పారే కాలువ పక్కన, వాన రాకముందే నీడలో వంగ, మిరప నారు పోసి ఉంచుతున్నాము. మొదటి పదును తగలగానే నాటితే మూడు నాలుగు వారాలు కలిసివస్తాయి. వానను, చలిని పంపేవాడు అల్లాహ్; గిన్నెలో గింజ వేసి సిద్ధంగా ఉండడం మన వంతు. మీ బిడ్డలు చలిదేశాలలో ఉంటే మార్చి నెలలోనే వారికి ఈ సంగతి గుర్తుచేయండి.