కొలంబో బీచిలో తెలుగు పాములవాడు

సినిమావాళ్లకి సొంత ఇంట్లో కూర్చుంటే కథ తట్టదు. అదొక రోగం. ఇంట్లో పాలవాడూ, కరెంటు బిల్లూ, అల్లుడి ఫోనూ అడ్డొస్తాయి. అందుకని సముద్రమో కొండో చూసుకుని, ఖరీదైన హోటల్లో దిగి, దానికి ‘స్టోరీ సిట్టింగ్’ అని పేరుపెట్టి, నాలుగు పూటలా తింటూ కథ కోసం ఎదురుచూస్తాం. ఒక్కోసారి అది వస్తుంది కూడా!

కిందటేడు ఫిబ్రవరిలో ఓ నిర్మాతగారు నన్నిలాగే శ్రీలంక తీసుకెళ్లారు. పేరు అడక్కండి, చెప్పను. చెన్నైలో విమానం ఎక్కి నడుం వాల్చేలోగా కొలంబో వచ్చేసింది.

మా బస మౌంట్ లవీనియా హోటల్. కొలంబోకి దక్షిణాన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద తెల్లటి భవనం. మూడు పక్కలా నీళ్లే. పొద్దున్నే కిటికీ తెరిస్తే అలల చప్పుడూ, దాని వెనకాలే రైలు కూతా. అక్కడ రైలుపట్టాలు బీచి పక్కనే పోతాయి. గదిలో పరుపు ఎంత మెత్తగా ఉందంటే, మా దర్శకుడు మొదటి రోజు మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచాక “కథ గురించే ఆలోచిస్తున్నానండీ” అన్నాడు. ఔనేమో!

ఆ భవనానికే ఓ సినిమా కథ ఉంది. 1805లో సింహళానికి గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మైట్లండ్ దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. లవీనా అనే నాట్యకత్తెని ప్రేమించాడనీ, ఆమె ఇంటి బావిలోంచి తన సారా కొట్టు దాకా సొరంగం తవ్వించి రహస్యంగా రప్పించుకునేవాడనీ చెబుతారు. ఊరి పేరు కూడా ఆమెదేనట. నిజమో కాదో గానీ, మన నిర్మాతలకి చెబితే వెంటనే అడ్వాన్సు ఇచ్చేస్తారు.

ఇంకో సంగతి. 1957లో వచ్చిన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమాలో మిలటరీ ఆసుపత్రిగా కనిపించేది ఈ హోటలే. డేవిడ్ లీన్ తీసిన ఆ సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. కథ జరిగేది థాయ్‌లాండులో అయినా, వంతెన కట్టి పేల్చేసింది మాత్రం ఇక్కడి కితుల్‌గలలో, కెలని నది మీద. రెండో రోజు మేమూ వెళ్లి చూశాం. వంతెన లేదు. పచ్చటి కొండలు, వాటి మధ్య గలగలమంటూ ఏరు. మా కెమెరామన్ మాత్రం గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రాత్రి బాల్కనీలో కూర్చుంటే నాకు చిన్నతనం గుర్తొచ్చింది. మా రోజుల్లో కొలంబో అంటే ఊరు కాదు, రేడియో. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేసేవారు. మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు కోసం మా వీధిలో ఆడవాళ్లు పనులు ముగించుకుని కూర్చునేవారు. సముద్రం అవతల్నుంచి తెలుగు వినబడుతోందంటే అప్పట్లో మాకు వింతగానే ఉండేది.

సరే, అసలు విషయానికొస్తాను. మా కథలో హీరో, అతని స్నేహితుడు శ్రీలంక వస్తారు. అక్కడ కామెడీకి ఒక పాములవాడు కావాలి. “ఆ పాములవాడు వచ్చీరాని తెలుగు మాట్లాడాలి సార్! సిలోన్ పాములవాడికి తెలుగేమిటి అని జనం పడీపడీ నవ్వాలి” అన్నాడు దర్శకుడు. నాకు అలాంటివి కొట్టిన పిండి. హోటలు వాళ్ల కాగితాల మీదే ఒక గంటలో సీను రాసిపారేశాను. గదిలో నవ్వులే నవ్వులు.

మూడో రోజు సాయంత్రం సీను కాగితం జేబులో పెట్టుకుని బీచిలో నడుస్తున్నాను. అక్కడ తంబిలి అని నారింజరంగు బొండాలు అమ్ముతారు. ఒకటి కొట్టించుకుని తాగుతుంటే, నిజంగానే ఒక పాములవాడు కనబడ్డాడు. రెండు బుట్టలు, ఒక కోతి, పదేళ్ల కుర్రాడు. తెల్లవాళ్లతో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు, బొండాలవాడితో సింహళం. ఆట అయ్యాక కుర్రాడి వైపు తిరిగి,

“మూత ఎయ్యిరా, పాముకి ఎండ తగలతాది” అన్నాడు.

పొలమారి దగ్గొచ్చింది నాకు.

“ఏమయ్యా, నువ్వు తెలుగువాడివా?”

అతను నాకంటే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు. “ఇది మా మాట సామీ! ఇంట్లో మాట్లాడేది. మీకెట్లా వచ్చె?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తెలుగు నాకెట్లా వచ్చిందని జన్మలో ఎవరూ అడగలేదు మరి.

సింహళంలో వాళ్లని అహికుంటకులు అంటారు. మగవాళ్లు పాముల్నీ కోతుల్నీ ఆడిస్తారు, ఆడవాళ్లు చెయ్యి చూసి జోస్యం చెబుతారు. ఒకప్పుడు తాటాకు గుడిసెలు వేసుకుని, గాడిదల మీద సామాను కట్టుకుని, ఒకచోట ఏడు రోజులు మించి ఉండకుండా తిరిగేవారు. ఇప్పుడు చాలామంది ఊళ్లలో స్థిరపడ్డారు. అతని చుట్టాలు అనురాధపురం జిల్లాలో, తంబుత్తేగమ దగ్గర కుదాగమలో ఉన్నారట. “రండి సామీ, మా అవ్వని చూద్దురు” అన్నాడు.

మర్నాడు సిట్టింగు ఎగ్గొట్టి, తెల్లవారుజామునే అతన్నీ కుర్రాణ్నీ కారులో ఎక్కించుకుని బయల్దేరాను. దారిపొడుగునా కొబ్బరితోటలు, తర్వాత చెరువులు, వరిచేలు. మా కృష్ణా జిల్లాలోనే ఉన్నానేమో అనిపించింది.

అవ్వకి ఎనభై దాటి ఉంటాయి. నా చెయ్యి పట్టుకుని, “నీకు నీళ్ల గండం లేదు నాయనా, మాట గండం ఉండాది” అంది. అందరికీ అదే చెబుతుందేమో గానీ, నాకు మాత్రం గుండె జల్లుమంది. ఆమె మాటల్లో సగం సింహళం కలిసిపోయింది. అయినా నీళ్లు, పాము, కోతి, చెయ్యి... ఈ మాటలు వింటుంటే ఎవరో మన ఇంటి సామాను ఒక్కొక్కటీ తెచ్చి ముందు పెడుతున్నట్టుంది.

“మీ ఊళ్లో అందరిదీ ఈ మాటేనా?” అనడిగింది.

“అందరిదీనమ్మా. ఎనిమిది కోట్ల పైచిలుకు మందిమి.”

ఆ లెక్క ఆమెకి పట్టలేదు. “కచేరీలో దొరలూ ఇదే మాటా? బళ్లో కూడానా?”

“బళ్లో కూడా” అన్నాను. అంటూనే, హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివే మా మనవడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇంతలో తెల్ల యూనిఫారంలో ఓ అమ్మాయి బడినుంచి వచ్చింది. అవ్వ తెలుగులో పిలిస్తే సింహళంలో జవాబు చెప్పింది. “దీనికి సిగ్గు నాయనా. బళ్లో మన మాట మాట్లాడితే నవ్వుతారంట” అంది అవ్వ.

నవ్వుతారంట!

నలభై ఏళ్లుగా నా ఉద్యోగం అదే. పనివాడికి శ్రీకాకుళం యాస, రౌడీకి తెలంగాణ యాస పెట్టి జనాన్ని నవ్వించాను. ఒకసారి సెట్లో అలాంటి సీను తీస్తుంటే యూనిట్ అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. పైన లైటు పట్టుకున్న కుర్రాడొక్కడే నవ్వలేదు. అతనిది పలాస. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ కుర్రాడి మొహం ఇన్నేళ్ల తర్వాత ఆ కుదాగమ అరుగు మీద మళ్లీ కనిపించింది.

అమ్మాయిని దగ్గరికి పిలిచి, జేబులో కాగితం తీసి వెనకవైపున ‘పాము’ అని తెలుగులో రాసి చూపించాను. మా మాటకి అక్షరాలున్నాయా అన్నట్టు చూసింది. నా పెన్ను లాక్కుని, దాని కిందే సింహళ అక్షరాల్లో తనూ ఏదో రాసింది. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయి. “ఏం రాశావమ్మా?” అంటే, తలొంచుకుని “పాము” అంది. అంతసేపట్లో ఆ పిల్ల నోట విన్న తెలుగు మాట అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో ఆ రాత్రికి కాండీలో ఆగాను. అక్కడి చెరువుని 1807లో తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడే ఆ దీవికి చివరి రాజు. మధుర నాయకుల వంశం, మూలం చూస్తే తెలుగువాళ్లే. 1815లో ఇంగ్లీషువాళ్లు పదవినించి దించి, మన చిత్తూరు పక్కనున్న వేలూరు కోటలో పెట్టారు. 1832లో అక్కడే పోయాడు. రాజుల మాటకే అక్కడ దిక్కు లేకపోయింది. పాములవాళ్లు మాత్రం బుట్టల్లో పాముల్లాగే మాటనీ ఊరూరా మోసుకుంటూ ఇన్నాళ్లు కాపాడుకున్నారు.

హోటలుకి వచ్చి, ఆ సీను నేను రాయనన్నాను. మార్చి రాస్తాను, నవ్వు హీరో మీద పడేలా రాస్తాను అని బతిమాలాను కూడా. దర్శకుడు నా ఆరోగ్యం గురించి అడిగాడు. నిర్మాతగారు మర్యాదస్తుడు, కోప్పడలేదు. “మీరు కాకపోతే ఇంకొకరు రాస్తారు గురువుగారూ” అన్నారంతే. అన్నట్టే ఇంకొకరు రాశారు. అడ్వాన్సు తిరిగిచ్చేశాను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఏ భాషలోనూ!

ఆ సినిమా విడుదలైతే మీరు చూస్తారు, నవ్వుతారు కూడా. నవ్వొద్దని చెప్పే అర్హత నాకెక్కడిది? టైటిల్స్‌లో నా పేరు ఉండదని మాత్రం ముందే చెబుతున్నాను.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఒకవైపు నేను రాసిన కామెడీ సీను, రెండోవైపు రెండు లిపుల్లో పాము. మొన్న మా మనవడికి చూపిస్తే, “తాతయ్యా, ఈ రెండింట్లో తెలుగు ఏది?” అనడిగాడు.