ఇటుకలు పట్టిన చేతులు

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిన మనవాళ్ళు తప్పకుండా చూసి వచ్చేవి కొన్ని ఉన్నాయి. గోల్డెన్ గేట్ వంతెన, కొండవాలున పాకే కేబుల్ కారు, లివర్‌మోర్‌లోని శివవిష్ణు ఆలయం. పిల్లలు పనిచేసే కంపెనీ బోర్డు ముందు ఒక ఫోటో కూడా ఉంటుందనుకోండి. ఈ వరసలోకి ఎక్కని రెండు చోట్లను ఇక్కడ పరిచయం చేస్తున్నాను. ఒకటి సముద్రపు పాయ ఒడ్డున ఒకప్పటి స్టేడియం స్థలం. రెండోది ఊరికి దక్షిణాన ఒక కొండదారి. ఈ రెండింటినీ కలిపేది జెర్రీ రైస్ అనే ఆటగాడి జీవితం. ఆ జీవితం మొదలైంది మాత్రం అక్కడికి దాదాపు రెండు వేల మైళ్ళ దూరాన, ఒక తాపీ మేస్త్రీ ఇంట్లో.

ముందుగా ఆ ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. వారి బంతి కోలగా ఉంటుంది. దాన్ని చేతులతో విసురుతారు, చంకన పెట్టుకుని పరిగెత్తుతారు. మైదానం 100 గజాలు, జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. జరగలేకపోతే బంతి అవతలివారిది. కబడ్డీ ఆడినవారికి ఎదుటివారి హద్దులోకి చొరబడడంలోని రుచి వేరే చెప్పనక్కరలేదు. బంతి విసిరే నాయకుణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మైదానం అంచున నిలబడి, ముందే అనుకున్న దారిలో పరిగెత్తి, చటుక్కున మలుపు తిరిగి ఆ బంతిని అందుకునేవాడు వైడ్ రిసీవర్. అందుకున్న మరుక్షణమే ఎవడో ఒకడు వచ్చి మీద పడతాడు. వాళ్ళందరినీ తప్పించుకుని చివరి గీత దాటితే దాన్ని టచ్‌డౌన్ అంటారు, ఆరు పాయింట్లు వస్తాయి.

ఈ పనిలో రైస్‌ను మించినవాడు లేడని ఆ దేశంలో చాలామంది అభిప్రాయం. అతను పెరిగిన క్రాఫర్డ్ అనే పల్లె మిసిసిపీ రాష్ట్రానికి తూర్పు అంచున ఉంది. వెయ్యిమంది జనాభా కూడా లేదు. పక్కనున్న స్టార్క్‌విల్ పట్టణంలో 1962 అక్టోబరు 13న పుట్టాడు. దానికి పన్నెండు రోజుల ముందే, అక్టోబరు 1న, జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుడు కేంద్ర బలగాల కాపలాలో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఒక నల్లవాడు కాలేజీ మెట్లెక్కడానికి అంత బలగం కావలసివచ్చిన రోజుల్లో, అదే రాష్ట్రంలో, నల్లవారి ఇంట పుట్టిన పిల్లవాడన్నమాట.

తండ్రి జో నేథన్ రైస్ తాపీ పనివాడు. ఇంట్లో ఎనిమిదిమంది పిల్లలు. వేసవి సెలవులంటే వారికి తండ్రి వెంట పనికి వెళ్ళడమే. జెర్రీ పరంజా మీద నిలబడేవాడు. కిందనుంచి అన్నదమ్ములు ఇటుకలు విసిరేవారు, అతను ఒక్కొక్కటే పట్టుకునేవాడు. ఒక్కోసారి నాలుగేసి ఇటుకలు ఒకేసారి వచ్చేవట. కొడుకు చేతివాటం చూసి, తన దగ్గర పనిచేసినవారిలో వీడే మేలని తండ్రి కూడా చెప్పేవాడట.

ఈ ఇటుకల సంగతి వినగానే నాకు అది పరాయి దేశపు కథ అనిపించలేదు. మా హోసూరులో ఇల్లు కట్టే చోట ఇది రోజూ కనబడే దృశ్యమే. కిందివాడు జంట ఇటుకలు పైకి ఎగరేస్తాడు, పైవాడు మాటల్లో ఉంటూనే వాటిని అందుకుని పక్కన పేరుస్తాడు. ఇటుక అంచు కరకుగా ఉంటుంది. దాన్ని గట్టిగా ఎదుర్కొంటే అరచెయ్యి చీరుకుపోతుంది. అది వచ్చే వేగంతోపాటు చేతిని కొంచెం వెనక్కి తీసుకుంటూ పట్టాలి. వైడ్ రిసీవర్లకు శిక్షకులు నేర్పే మెత్తని చేతుల విద్య కూడా ఇదే. జెర్రీ దాన్ని కూలిపనిలో నేర్చుకున్నాడు.

ఆటలోకి వచ్చిన తీరు కూడా చిత్రమే. ఒకరోజు బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే బడిపెద్దల్లో ఒకరు చడీచప్పుడూ లేకుండా వెనకనుంచి వచ్చారు. కుర్రవాడు ఉలిక్కిపడి ఒక్క పరుగు తీశాడు. దొరికాక శిక్ష వేశారు. కానీ ఆ పరుగు చూసిన పెద్దమనిషి ఫుట్‌బాల్ కోచ్‌కు కూడా కబురు చేశారు.

పెద్ద విశ్వవిద్యాలయాలనుంచి పిలుపు రాలేదు. చేర్చుకున్నది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న విశ్వవిద్యాలయం. నల్లవారి చదువు కోసం 1950లో మొదలైన సంస్థ అది. క్రాఫర్డ్‌నుంచి పడమరగా సుమారు వంద మైళ్ళు వెళితే ఇట్టా బెనా అనే ఊరు వస్తుంది. ఆ పేరు అక్కడి ఆదివాసుల చోక్టా భాషలోది, అడవిలో ఇల్లు అని అర్థం చెబుతారు. దాన్నంతా డెల్టా అంటారు. ఏటి వండలి పేరుకున్న నల్లనేల, కనుచూపు మేర చదును, పత్తి చేలు. మన యానాం పాఠకులకు డెల్టా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కాకపోతే వారి కళ్ళకు వరి ఉండే చోట అక్కడ పత్తి ఉంటుంది. ఆ పత్తి వెనక బానిసల చెమట ఉంది. బ్లూస్ సంగీతానికి రాజు అనిపించుకున్న బి.బి. కింగ్ 1925లో పుట్టింది ఈ ఊరి పక్కనే.

ఇట్టా బెనాలో కోచ్ ఆర్చీ కూలీ, బంతి విసిరే విల్లీ టాటెన్, పట్టే జెర్రీ రైస్ కలిసి ఆ చిన్న కాలేజీ పేరు దేశమంతా వినబడేలా చేశారు. 1984లో ఒక్క ఏడాదే రైస్ 112 బంతులు పట్టాడు, 27 టచ్‌డౌన్లు చేశాడు. ఇప్పుడు అక్కడి స్టేడియానికి రైస్-టాటెన్ అని ఇద్దరి పేర్లూ పెట్టుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు కోచ్ బిల్ వాల్ష్ హ్యూస్టన్‌లో ఒక హోటల్ గదిలో టీవీ చూస్తూ ఈ కుర్రవాడి ఆటను గమనించాడు. మరుసటి ఏడాది ఆటగాళ్ళ ఎంపికలో ఇంకొక జట్టుతో తమ వంతు మార్చుకుని మరీ 16వ స్థానంలో అతన్ని తీసుకున్నాడు. ఫార్టీనైనర్స్ అంటే 1849లో బంగారం వేటకు కాలిఫోర్నియా వచ్చిపడినవారు. ఊరు విడిచి బతకవచ్చినవారి పేరే ఆ జట్టుకు పెట్టారు.

వారి మైదానం క్యాండిల్‌స్టిక్ పార్క్. 1960లో తెరిచారు, ఈ జట్టు అక్కడికి చేరింది 1971లో. ఖాతం మీదనుంచి వీచే చలిగాలికి అది పేరుపడ్డది. పల్లెనుంచి వచ్చిన 22 ఏళ్ళ కుర్రవాడికి ఆ గాలీ కొత్తే, అరవై వేల జనమూ కొత్తే. మొదటి ఏడాది చేతికి వచ్చిన బంతులు జారిపోయాయి. జనం గేలి చేశారు. ఇటుకలు పట్టిన చేతులు బంతి పట్టలేకపోవడమేమిటి? చేతులు అవే, మనసే నిలకడ తప్పింది. డిసెంబరులో లాస్ ఏంజెలిస్ రామ్స్ మీద ఒక్క రాత్రి 241 గజాలు సాధించాక ఆ గేలి ఆగింది.

ఇక ఆ కొండదారి. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా 280 నంబరు రహదారి పక్కన, రెడ్‌వుడ్ సిటీ దగ్గర, ఎడ్జ్‌వుడ్ పార్క్ ఉంది. ఆట లేని నెలల్లో జెర్రీ తోటి ఆటగాడు రోజర్ క్రెయిగ్‌తో కలిసి రెండున్నర మైళ్ళ ఎగువదారిని పరుగున ఎక్కేవాడు. ఇతర ఆటగాళ్ళు సరదాపడి వచ్చి మధ్యలో వాంతులు చేసుకుని దిగిపోయేవారని చెప్పుకుంటారు. మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం నేనూ ఎక్కాను, పరుగున కాదు, చేతికర్రతో. కింద ఓక్ చెట్ల నీడ, పైన గడ్డిమైదానం. అక్కడి నేల ఒక జాతి పచ్చరాయి చితికి ఏర్పడిందట. మామూలు మొక్కలకు పనికిరాని ఆ సారం లేని నేలలోనే వసంతంలో రకరకాల అడవిపూలు విరగబూస్తాయి. చూడదలచినవారు మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్ళాలి. దాహానికి నీళ్ళు వెంట ఉంచుకోవాలి.

ఆ కొండ ఏమిచ్చిందో అంకెలు చెబుతాయి. 1989 జనవరిలో మయామీలో జరిగిన సూపర్ బౌల్‌లో 11 బంతులు పట్టి 215 గజాలు సాధించి, ఆ ఆటకే ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ జట్టుతో మూడుసార్లు విజేతగా నిలిచాడు. 1997లో మోకాలు చితికేవరకు వరుసగా 189 ఆటలు మానకుండా ఆడాడు. ఏడాది పోయిందనుకున్నవాడు పద్నాలుగు వారాలకే క్యాండిల్‌స్టిక్‌లో తిరిగి దిగాడు. టచ్‌డౌన్ చేశాడు, ఆ పడడంలోనే అదే మోకాలి చిప్ప పగిలింది. అయినా ఆట మానలేదు. 2001లో వంతెన దాటి అవతలి ఒడ్డున ఓక్‌లాండ్ జట్టులో చేరి, నలభయ్యో ఏట కూడా 1,211 గజాలు సాధించాడు. ఇరవై ఏళ్ళ లెక్క తేలేసరికి 1,549 బంతులు, 22,895 గజాలు, 208 టచ్‌డౌన్లు. గజాల్లో రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్ ఆయనకు 5,403 గజాలు వెనక ఆగిపోయాడు.

ఇంత సాధించిన మనిషి 2010లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో, ఉత్తమ ఆటగాళ్ళ సరసన చేర్చుకునే సభలో లేచి ఏం చెప్పాడో వినదగినది. తనను జీవితమంతా నడిపింది ఓడిపోతానేమోనన్న భయమేనన్నాడు. తనకు మిగిలిన ఒకే ఒక్క విచారం, ఆ ఏళ్ళలో ఏనాడూ ఆగి ఆనందించకపోవడమేనన్నాడు.

ఈ మాట దగ్గర మనబోటివాళ్ళం కొంచెం ఆగాలి. తాతలనాడు ఊరు విడిచి హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో స్థిరపడ్డ కుటుంబాలు మనవి. పరాయిచోట నిలదొక్కుకోవాలంటే నలుగురికంటే ఎక్కువ కష్టపడాలని మన పెద్దలు నేర్పారు, మనమూ పిల్లలకు నేర్పాం. ఆ పిల్లలే ఇవాళ శాంటా క్లారా, సన్నీవేల్ దాకా వెళ్ళారు. పని నేర్పినందుకు మన పెద్దలకు దణ్ణం పెట్టాలి. పనితోపాటు తెలియకుండానే భయం కూడా నేర్పామేమోనని నాకు అనుమానం. తొంభై మార్కులు తెచ్చిన పిల్లను మిగతా పది ఏవని అడగని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి? అయితే ఆ భయమే లేకపోతే జెర్రీ ఆ కొండ ఎక్కేవాడా అని కూడా అడగవచ్చు. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఇంత మాత్రం చెప్పగలను. తోట్రుపాటుతో బంతి జారవిడిచిన ఆ మొదటి ఏడాది అతనికి భయం తక్కువై కాదు, ఎక్కువై కష్టం వచ్చింది.

క్యాండిల్‌స్టిక్‌లో ఫార్టీనైనర్స్ చివరి ఆట 2013 డిసెంబరు 23న జరిగింది. 2015లో ఆ స్టేడియాన్ని కూల్చేశారు. జట్టు 2014నుంచి శాంటా క్లారాలో, మన పిల్లల ఇళ్ళకు కూతవేటు దూరంలో ఆడుతోంది. మేము వెళ్ళేటప్పటికి పాతచోట ఖాళీ నేలా, గాలీ మిగిలాయి. అరవై వేలమంది చప్పట్లు కొట్టిన చోటు పోయింది. మేస్త్రీగారి ఇటుకల విద్య మాత్రం అంకెలుగా నిలిచింది. మనం మన పిల్లలకు విసిరే ఇటుకలు విసురుదాం, వాళ్ళు పట్టగలరు. పట్టినప్పుడు భేష్ అని ఒక్కమాట అనడానికి మాత్రం పని పూర్తయ్యేదాకా ఆగవద్దు.