మూడు దారులు... ఒకటే ఇల్లు

2013 జులై 1. చైనాలోని వూషీ నగరంలో ఓ కోర్టు తీర్పు చెప్పింది. కూతురు రెండు నెలలకు ఒక్కసారైనా వెళ్లి తల్లిని చూసి రావాలని! దూరంగా ఉంటున్న పిల్లలు పెద్దవాళ్లను తరచూ చూసి రావాలి, పలకరించాలి అనే చట్టం అమల్లోకి వచ్చిందీ ఆ రోజే. కన్నతల్లిని చూసి రమ్మని కోర్టు చెప్పాలా? అదీ కన్ఫ్యూషియస్ పుట్టిన గడ్డమీద! ఎందుకిలా అయిందో తెలియాలంటే అక్కడి మనుషుల మనసులోకి ఓసారి తొంగిచూడాలి.

ఉత్తర చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో నిటారు కొండకు వేలాడుతున్నట్టుండే గుడి ఒకటుంది. దాని వయసు పదిహేను వందల ఏళ్లు. అందులో ఒక గదిలో బుద్ధుడు, కన్ఫ్యూషియస్, లావోత్సే పక్కపక్కనే కొలువుదీరి ఉంటారు. మా దారి గొప్పదంటే మా దారి గొప్పదన్న పేచీ లేదు. సగటు చైనీయుల మనసూ ఆ గదిలాంటిదే.

ఇల్లు, బడి, ఆఫీసు... ఇవన్నీ కన్ఫ్యూషియస్ రాజ్యం. క్రీ.పూ. 551లో చూఫూలో పుట్టిన ఆ గురువు దేవుడి గురించి చెప్పింది తక్కువ, మనిషి నడవడి గురించి చెప్పింది ఎక్కువ. ఎవరి స్థానం వారిది, ఎవరి బాధ్యత వారిది. మనకులాగే వాళ్లకీ అన్నకో మాట, తమ్ముడికో మాట, అక్కకో మాట, చెల్లికో మాట ఉన్నాయి. భోజనాల దగ్గర పెద్దలు మొదలుపెట్టాకే పిల్లలు తినాలి. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ రోజున కుటుంబమంతా పూర్వికుల సమాధుల దగ్గరికెళ్లి, శుభ్రం చేసి, నైవేద్యం పెట్టి వస్తుంది. చదువు మీద మమకారమూ ఆయన చలవే. వందల ఏళ్లపాటు ఆయన బోధలు చదివి పరీక్ష నెగ్గినవాళ్లకే సర్కారు కొలువు దక్కేది. ఆ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. పరీక్షల మీద గురి మాత్రం పోలేదు. కాలేజీ ప్రవేశపరీక్ష 'గావ్‌కావ్'కు 2024లో పేర్లిచ్చినవాళ్లు కోటీ 34 లక్షల మంది!

ఇంత బాధ్యత మోస్తుంటే నడుం విరగదూ? అక్కడే లావోత్సే ఆదుకుంటాడు. నీళ్లు మెత్తనివే, రాయినైనా అరగదీస్తాయి, నువ్వూ అలా ఉండమంటుంది తావో మార్గం. తెల్లారకముందే పార్కుల్లో నెమ్మదిగా చేతులు కదుపుతూ తాయ్‌చీ చేసే తాతయ్యలది ఆ బాటే. వంటింట్లోనూ యిన్, యాంగ్‌ల లెక్క ఉంటుంది. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ అని తెలుగిళ్లలో అనుకున్నట్టే అక్కడ లిచీ వేడి, పుచ్చకాయ చలవ. పని ఒత్తిడితో విసిగిపోయిన కుర్రకారు 2021లో 'తాంగ్‌పింగ్' అన్నారు. అంటే, ఈ పరుగు మావల్ల కాదు, హాయిగా పడుకుంటాం అని. అందులోనూ లావోత్సే ఛాయ కనిపిస్తుంది.

మరి కష్టం వస్తే? కన్నీళ్లొస్తే? అప్పుడు బుద్ధుడు. రెండు వేల ఏళ్ల కిందట భారతదేశం నుంచి వెళ్లిన ధర్మమది. దాని మూలాలు వెతుక్కుంటూ ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ మన ధాన్యకటకం దాకా వచ్చాడు. ఇక్కడి అవలోకితేశ్వరుడు అక్కడ 'గ్వాన్‌యిన్' అనే కరుణామయి అయిన తల్లి. బిడ్డకు జ్వరమొచ్చినా, కొడుకు దూరదేశం వెళ్లినా ఆమెకే దండం. ఇద్దరు మనుషులు కలవడానికైనా, విడిపోవడానికైనా కారణం 'యువాన్‌ఫెన్' అంటారు. తెలుగులో 'ఋణానుబంధం' అనుకుంటే సరిగ్గా సరిపోతుంది.

1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక రెడ్‌గార్డులు కన్ఫ్యూషియస్ సమాధిని ధ్వంసం చేశారు. గుళ్లు మూతపడ్డాయి. అయినా ఈ మూడు దారులూ చెరిగిపోలేదు. వంటింట్లో, పలకరింపులో ఉన్నదాన్ని ఎవరు పగలగొట్టగలరు?

అసలు దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. ఒక్కరే సంతానమన్న నిబంధన 1980 నుంచి 2015 దాకా నడిచింది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకోవాల్సిన బరువు ఒక్క భుజం మీద పడింది. అమ్మానాన్నలు ఇద్దరు, రెండువైపులా తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మ... మొత్తం ఆరుగురు! కొలువేమో ఎక్కడో దూరాన మహానగరంలో. ప్రేమ లేక కాదు, సెలవు దొరక్క పండక్కి రానివాళ్లెందరో.

అందుకే చట్టం కల్పించుకుంది. కానీ, కన్నవాళ్లకు తిండి పెట్టినంత మాత్రాన సరిపోదనీ, అందులో గౌరవం లేకపోతే పశువుల్ని మేపినట్టేననీ కన్ఫ్యూషియస్ ఏనాడో హెచ్చరించాడు. పిల్లల్ని గడప దాకా తీసుకురావడానికి కోర్టు కాగితం చాలు. లోపలికొచ్చి, పాత పట్టింపులు వదిలేసి, అమ్మ పక్కన కూర్చుని ఓ కప్పు టీ తాగాలంటే... లావోత్సే నేర్పిన మెత్తదనం కావాలి, బుద్ధుడు నేర్పిన కరుణ కావాలి.

కొండమీది ఆ గుడిలో ముగ్గుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టిన పెద్దలకు ఈ సంగతి ముందే తెలుసేమో!