చీటి మీద లంక పేరు

గత కార్తీకమున మా తెనాలిలో, మేమున్న పేటయందలి స్త్రీలము కలిసి రెండు దినములు చిన్న పుష్పప్రదర్శనము జరిపితిమి. బడి వసారాలో బల్లలు వేసి, ఒక్కొక్క బల్లపై ఒక్కొక్క ప్రదేశపు మొక్కలను కుదుర్పవలెనని మా యేర్పాటు. ఒకరు కడియపులంక నర్సరీల నుండి గులాబులను, క్రోటనులను తెప్పించిరి. ఒకరు బాపట్ల వద్ద సూర్యలంక తీరమునుండి సరుగుడు, మొగలి తెచ్చిరి. ఆ సూర్యలంక పేరునకు లంకయే గాని ద్వీపము కాదు. మా వంతునకు మాత్రము నిజమైన ద్వీపమే వచ్చినది.

"ఏ ద్వీపమును చూపుదుము?" అని మావారి నడుగగా, "సింగపూరును ద్వీపమే, రేపల్లె డివిజనులోని కృష్ణలంకలును ద్వీపములే. నీ యిష్టము" అని గొడుగు తీసికొని బడికి పోయిరి.

మాకు మొదట సింగపూరే రుచించినది. మా పినతల్లి కుమార్తె అచ్చట కాపురమున్నది. అచ్చటి వందా పూవును గూర్చి పలుమార్లు చెప్పియుండెను. ఆ పేరు వినినంతనే మాకు పుట్టింటివారు పలుకరించినట్లుండును. బాల్యమున మా తండ్రిగారు వల్లె వేయించిన అమరకోశమున, వనౌషధివర్గములో వందా శబ్దమున్నది. చెట్లపై మొలచు బదనికకు అది పేరు. సంస్కృతము నేర్చిన సర్ విలియం జోన్సు దానిని గ్రహించి పాశ్చాత్య వృక్షశాస్త్రమునకు అందించినాడు.

ఆ పూవు కథ సోదరీమణులకు చెప్పక పోజాలము. ఆగ్నెస్ జోక్విం అను ఆర్మీనియా జాతి వనిత 1854లో సింగపూరున జన్మించినది. వివాహమాడలేదు. ఇంటి తోటయే ఆమె లోకము. రెండు జాతుల వందాలను కలిపి ఆమె పుట్టించిన క్రొత్త మొక్కను, అచ్చటి ఉద్యానవనాధికారి హెన్రీ రిడ్లీ 1893లో శాస్త్రజ్ఞులకు ఎఱుకపఱచి, దానికి ఆమె పేరే పెట్టెను. 1899లో ఆ పూవు సింగపూరు పుష్పప్రదర్శనమున అరుదైన ఆర్కిడుగా మొదటి బహుమానము పొందినది. ఆ యేటనే ఆమె కన్నుమూసినది. 1981లో అదే సింగపూరు జాతీయపుష్పమైనది. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని, ఆ మొక్కను ఆమె పుట్టింపలేదనియు, తేనెటీగలు చేసిన పనియనియు, ఆమె దానిని వెదురుపొదలో చూచుట మాత్రమే చేసినదనియు తరువాతివారు కొందఱు చాలకాలము చెప్పుకొనిరి. ఆమెయే సంకరము చేసినదని రిడ్లీ ఆనాడే వ్రాసియుండగా ఈ మాట యెట్లు పుట్టెనో! పని స్త్రీదైనపుడు తేనెటీగకు సాక్షులు సులభముగ దొరకుదురు గాబోలు. ఈ మాటను ఆ రాత్రి భోజనముల వేళ మావారితో మిక్కిలి రోషముగ చెప్పితిమి.

మఱునాడు కంద, అరటిదూట అమ్మ వచ్చు పెద్దమ్మ మా వాకిట గంప దించినది. ఆమెది కొల్లూరు మండలపు పోతార్లంక. సంగతి విని, "సింగపూరు దాకా ఎందుకమ్మగారూ, మా లంక లేదా? వరదకి లంక పోయింది, ఇంకేముందిలే అంటన్నారు బజార్లో. పిలకలు అడిగే నాథుడు లేడు. లంక బతికే ఉందని నలుగురికీ చూపించండి" అనెను.

2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు వచ్చినపుడు ఆ లంకలన్నియు మునిగినవి. అరటి మొదట నీరు నిలిచినచో వేరు కుళ్లును. కంద, పసుపు భూమిలోనే చెడును. ఆమె తోటయంతయు ఇసుకమేట క్రింద పడినదట. ఇన్నాళ్లు ఆమె వద్ద కంద కొనుచు, తూకము మీద తగవాడుచు నుండియు, ఈ సంగతి యొకసారియైన అడిగి యెఱుగము.

ప్రదర్శనమునాటి యుదయమున ఆమె తెచ్చినవి: చక్రకేళి పిలకలు, మట్టితోడి పసుపు దుబ్బు, ఏనుగుపాదమంత కంద, నేలసంపెంగ కాడలు, వీనితో నిలువెత్తు రెల్లుకట్ట యొకటి, తెల్లని కుచ్చులతో. రెల్లును చూచి మేము ముఖము చిట్లించితిమి. శరద్వర్ణనములలో కాశపుష్పమని చదివి మురిసినవారమే; బల్లమీద మాత్రము గడ్డివలె తోచినది.

"తియ్యకండమ్మా. వరద తీసినాక ఇసకలో మొదట లేచింది ఇదే. ఇది పట్టుకుంటే మట్టి నిలుస్తది, మట్టి నిలిస్తే మేం నిలుస్తాం" అనెను.

బాపట్లనుండి నిర్ణేత్రిగ వచ్చిన విదుషీమణి కడియపులంక గులాబులను దాటి మా రెల్లు చెంతనే నిలిచినది. 1945 నుండి వ్యవసాయ కళాశాల గల యూరు గదా. మొక్క పేరు తెలిసినవారికి అచ్చట కొదువ లేదు. కోయంబత్తూరున 1912లో నెలకొనిన చెఱకు పరిశోధనాలయములో ఈ రెల్లునే మేలుజాతి చెఱకుతో కలిపి కో 205 అను రకమును తీసిరనియు, జానకీ అమ్మాళ్ అను శాస్త్రవేత్రి 1934 నుండి అచ్చటనే యీ జాతిపై పరిశోధించినదనియు ఆమె చెప్పగా అందఱును చుట్టు చేరి వినిరి. మొదటి బహుమానము, ఒక యిత్తడి దీపపు సెమ్మె, మా బల్లకు వచ్చినది.

పేరు పిలిచిరి. మా పేరే. లేచి అందుకొంటిమి. బల్లపై మేము వ్రాసిన చీటిలో "లంక మొక్కలు" అనియు, క్రింద మా పేరును మాత్రమే యున్నవి. వసారా చివర పెద్దమ్మ ఖాళీగంప చంకనిడుకొని చప్పట్లు కొట్టుచుండెను. తరువాత దగ్గఱకు వచ్చి, "నాకు చదువు రాదు. చీటీ మీద లంక పేరుందా అమ్మగారూ?" అని అడిగినది. "లంక అని ఉన్నది" అంటిమి. ఆమె సంతోషముగ పోయినది. ఆ వెనుకనే ఒక రైతు వచ్చి, "ఈ పిలకలు మీ పెరటివాండీ?" అని అడిగి, మేము తడబడుచుండగనే వెడలిపోయినాడు.

రాత్రి మావారితో సర్వము చెప్పితిమి. వారు చాలసేపు మాటాడలేదు. తుదకు, "తేనెటీగను నిన్న బాగుగ దులిపితివి" అని మాత్రము అనిరి.

రెండవనాడు తలుపులు తీయకమున్నే పోయి, పెద్ద అట్టమీద పోతార్లంక యని నల్లసిరాతో వ్రాసి, పెద్దమ్మ పేరును, దోనేపూడి వద్ద కరకట్ట దిగి పోవు దారియు క్రింద చేర్చితిమి. జనము కూడినపుడు బహుమానము ఆమెదని నిలిచి చెప్పితిమి. గొంతు వణకినది. ఇరుగుపొరుగువారిలో ఒకరిద్దఱు, ఈ మాట నిన్ననే చెప్పియుండవలసినది గదా యనిరి. నిజమే.

మూడవనాడు సెమ్మెను సంచిలో పెట్టుకొని లంకకు పోతిమి. ఇసుకమేటల నడుమ క్రొత్త అరటి మోకాలెత్తు లేచియున్నది. ఏటి గట్టున రెల్లు తెల్లగ ఊగుచున్నది. సెమ్మె చేతికీయబోగా పెద్దమ్మ దానివంక చూడనేలేదు. పత్రికలో వ్రాయుదుమనగా, "నా పేరొద్దు, లంక పేరు ఎయ్యండి" అని, వెంటనే, "ఎవరైనా అడిగారా?" అనెను.

"ముగ్గురడిగిరి. ఒకాయన 200 పిలకలు కావలెననినాడు. ఆదివారము బండితో వచ్చునట."

"రెండొందలా!" అని ఆమె కొడుకును కేకవేసి, గునపము భుజాన వేసికొని తోటలోనికి నడిచినది. మేము సెమ్మె పట్టుకొని గట్టుమీదనే నిలిచితిమి.