బదరీలో పోపు వాసన

బదరీనాథ్ యాత్రకి సామాను సర్దుకుంటున్నారా? శాలువాలు, మందులు, ఆవకాయ సీసా పెట్టుకున్నాక ఈ చిన్న సంగతి కూడా మనసులో పెట్టుకోండి.

రాజమండ్రి నుంచి అత్తయ్యగారితో కలిసి వెళ్ళాను. గుడికి 3 కిలోమీటర్ల దూరంలో మానా అనే ఊరుంది. ఎత్తు 10,000 అడుగుల పైమాటే! అక్కడుండేది భోటియాలు. మంచు పడే ముందే కిందికి దిగిపోయి, వేసవికి మళ్ళీ పైకొస్తారు. ఆడవాళ్ళు ఇళ్ళముందు కూర్చుని ఊలు అల్లుతూ, ఎండిన ఆకులూ పూలూ పొట్లాలు కట్టి అమ్ముతుంటారు.

టీకొట్టావిడ పప్పుకి పోపు పెడుతోంది. ఘుమఘుమ! "ఇంగువ ఎంత బాగుందే అమ్మాయ్!" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ నవ్వి, ఓ పొట్లం చూపించి "ఫరన్" అంది. దీన్నే జంబూ అని కూడా అంటారట. చిటికెడు నలిపి వాసన చూద్దును కదా, ఉల్లి! వచ్చీరాని హిందీలో అడిగితే, కొండ ఉల్లి జాతేనంది.

అత్తయ్యగారు ఉల్లి ముట్టి పాతికేళ్ళయింది. చెప్పకపోతే ఆవిడకి తెలిసేది కాదు, ఆకలి మీదున్నారు కూడా. కానీ ఆవిడ నియమం మనమెవరం చెడగొట్టడానికి? చెప్పేశాను. "మంచిపని చేశావమ్మా, నువ్వు తిను" అని అటుకులు తీసుకున్నారు.

వాడే పద్ధతి సులువే. కాగిన నెయ్యిలో చిటికెడు వేసి, మాడకుండా వెంటనే పప్పులో కలపండి. అయితే కొండమీద అడవి ఫరన్ తరిగిపోతోంది. భోటియాలు పెరట్లోనూ పెంచుతారు కనుక పెరటిదేనా అని అడిగి కొనండి. ఒక్క పొట్లం చాలు.

ఇంటికొచ్చాక పక్కింటి పిన్నిగారు, "ఓస్, దీనికోసం అంతదూరమా? మన ఏజెన్సీ కొండల్లో అడవి ఉల్లి లేదూ!" అన్నారు. అమ్మో, ఆ పొరపాటు చెయ్యకండి! నక్కవుల్లి అని కూడా పిలిచే ఆ గడ్డ ఉల్లిపాయలాగే కనిపిస్తుంది కానీ ఉల్లి ఘాటుండదు. గుండె లయనే దెబ్బతీసే విషం అందులో ఉంది. రుచికి కూడా నోట్లో పెట్టకూడదు. పొరపాటున ఎవరైనా తింటే చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మా వంటింట్లో పోపు గరిటెలు రెండు. ఫరన్‌ది నాది, ఇంగువది అత్తయ్యగారిది.