రాత్రి వాటి పాలు



మన సున్నిపెంట చుట్టూ ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోని పులుల అడవులన్నిటిలో విస్తీర్ణంలో పెద్దది. అయినా ఇక్కడే పుట్టి పెరిగి పులిని చూడనివారు మన సంఘంలో ఎందరో! అందుకే యవనస్థులు తలా కొంత వేసుకుని తుమ్మలబయలు సఫారీకి బయలుదేరితే మేమూ జీపు ఎక్కాము. దుప్పులు, నెమళ్ళు, కొండముచ్చులు కనబడ్డాయి. పులిది మాత్రం మట్టిలో అడుగుజాడే దొరికింది. "డబ్బులు దండగ అయ్యగారూ" అన్నాడొక తమ్ముడు.

దండగ కాదు తమ్ముడూ. 104వ కీర్తన చదువు. చీకటి పడితే అడవి మృగాలు తిరుగుతాయి, సింహపు పిల్లలు తమ ఆహారం దేవుణ్ణే అడుగుతాయి. పొద్దు పొడిస్తే అవి పడుకుంటాయి, మనిషి పనికి వెళ్తాడు. దేవుడు దినాన్ని రెండు పాళ్ళు చేసి, రాత్రి పాలు వాటికిచ్చాడు. మనం టిక్కెట్టు కొన్నామని పగటిపూట వచ్చి కనబడాలని వాటికి ఆజ్ఞ లేదు.

దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. పెళ్ళి నుండో ఆసుపత్రి పని నుండో ఆలస్యంగా తిరిగొచ్చేవారికి అది కష్టమే, కాదనము. కానీ ఆ గంటల్లో బండ్లు తిరిగితే చక్రాల కింద పడేవి నోరులేని ప్రాణులు. గేటు వేసేది ఫారెస్టువారు. ఆ గంటలను ఏర్పరచింది దేవుడు.

ఈసారి గేటు దగ్గర ఆగిపోతే హారన్ కొట్టకండి. ఇంజను ఆపి ప్రార్థించండి. గేటు అవతల ఏదో ఒక తల్లిపులి తన పిల్లల కోసం ఆయననే అడుగుతూ ఉంటుంది. మనల్ని పోషించే చెయ్యే దాన్నీ పోషిస్తుంది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.