యోగ్యత అనగా నేమి?

పరిణామశాస్త్రమున ‘ఫిట్‌నెస్’ అను పదమును తెలుగున ‘యోగ్యత’ అనుట కలదు. పదము మంచిదే, గ్రహించు తీరే చెడినది. యోగ్యుడనగా బలవంతుడని లోకము తలచును. ‘యోగ్యతముల మనుగడ’ అను పలుకును 1864లో కూర్చినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ 1869లో, జాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథపు ఐదవ కూర్పున, దానిని స్వీకరించెను. బలహీనుని త్రొక్కుటకు ప్రకృతియే అనుమతించినదని ఆ పలుకును చూపి వాదించువారు నేటికిని కలరు.

తర్కము చదివిన బాలునకు ఈ భ్రాంతి కలుగరాదు. వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనని అతడు నేర్చును. ‘నిప్పుతో తడుపుము’ అన్నచో యోగ్యత లేదు. అంతమాత్రమున అగ్ని అయోగ్యమా? అదే అగ్ని హవిస్సును వహించును, అన్నమును వండును. తడుపుటతో దానికి పొందిక లేదు, అంతియే.

జీవశాస్త్రము చెప్పునదియు ఇంచుమించు ఇదియే. గాలపాగోస్ ద్వీపములలో డాఫ్నే మేజర్ అను చిన్న దీవి కలదు. అచటి ఫించ్ పిట్టల ముక్కులను పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏండ్ల తరబడి కొలిచిరి. 1977లో వర్షము దాదాపు కురియనే లేదు. చిన్నగింజలు తరిగిపోయి, పల్లేరుకు సగోత్రమైన ఒక మొక్క యొక్క గట్టికాయలు మిగిలెను. (తెలుగునాట అరికాలిలో దిగు పల్లేరును ఎరుగనివారెవరు?) వాటిని పగులగొట్టగల పెద్దముక్కు పిట్టలు ఎక్కువగా బ్రదికెను, వాటి పిల్లల ముక్కులును పెద్దవాయెను. 1983లో ఎల్‌నినో వలన కుంభవృష్టి కురిసి, దీవి చిన్నగింజల మొక్కలతో నిండెను. ఆ పిమ్మటి ఏండ్లలో చిన్నముక్కు పిట్టలే మేలుగా నిలిచెను.

ఈ శాస్త్రమున తుదకు లెక్కకు వచ్చునది సంతానమే. ఆ గణనలో నైష్ఠిక బ్రహ్మచారులకు, శంకరభగవత్పాదులకు సైతము, లభించునది శూన్యము. ఇందు నింద లేదు. బంగారము తూచు త్రాసుతో జ్వరమును చూడరు గదా. సంతతి లేని దంపతులు గర్భాలయద్వారమున నిలిచి, తాము దేనికిని తగమని కన్నీరు పెట్టుట అర్చకులందరు ఎరిగినదే. అట్టివారిపై ఈ పదమును విసరువారు శాస్త్రమును చదువలేదు. తేనెటీగలలో పనియీగలు సామాన్యముగా బిడ్డలను కనవు. తల్లి కన్న తోబుట్టువులను పెంచును. 1964లో హామిల్టన్ ఆ సేవను సైతము, బంధుత్వపు దూరమును బట్టి, యోగ్యతాగణితమున చేర్చెను.